కాశీ బాట చూపిన ఏనుగుల వీరాస్వామయ్యగారు

కాశికి పోయినవాడు కాటికి పోయినవానితో సమానమని పెద్దలు తలచిన కాలమది. రైలుబండ్లు లేవు, త్రోవలో దొంగల భయము, రోగముల భయము మెండు. అట్టి దినములలో చెన్నపట్టణము సుప్రీంకోర్టున ద్విభాషిగా నున్న ఏనుగుల వీరాస్వామయ్యగారు, పదవియు గౌరవమును గలిగియు, 1830 మే 18వ తేదీన సుమారు నూరుమంది పరివారముతో కాశీయాత్రకు బయలుదేరిరి.

తిరుపతి, అహోబలము, శ్రీశైలము సేవించి, హైదరాబాదు, నాగపురముల మీదుగా ప్రయాగ, కాశి, గయ దర్శించిరి. కలకత్తా, పురీ జగన్నాథము, సింహాచలముల మీదుగా మరలి 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. ఆయనకు పల్లకి గలదు. దానిని మోసిన బోయీలు మాత్రము కొండలను, అడవులను కాలినడకనే దాటిరి. యాత్రాఫలమున వారి పాలు తక్కువది కాదు.

వీరాస్వామయ్యగారు తమ పుణ్యము తామే మూటగట్టుకొనలేదు. మజిలీకి మజిలీకి నడుమ దూరమెంత, బాట యెట్టిది, మంచినీరెక్కడ, అంగళ్లెక్కడ అని దినదినమును వ్రాసి, మిత్రులు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి పంపుచుండిరి. 1836లో వీరాస్వామయ్యగారు పరమపదించిరి. 1838లో పిళ్ళగారు ఆ వ్రాతలను ‘కాశీయాత్ర చరిత్ర’ యను పేర అచ్చువేయించిరి.

గంగలో మునిగినవాని పాపము పోవునని మన నమ్మకము. త్రోవలో బావి యెక్కడ నున్నదో వెనుకవచ్చువానికి చెప్పినవాడు, చలివేంద్రము పెట్టినవానితో సమానుడు. తీర్థయాత్ర చేయు మనమందరమును తలపవలసిన ధర్మమిది.