కార్మికుల వైద్యురాలు – ఆలిస్ హామిల్టన్

సీసం మెత్తని లోహం. సులువుగా కరుగుతుంది, ఏ రూపానికైనా లొంగుతుంది. కానీ దాని ధూళి ఊపిరితోనో, ఆహారంతోనో శరీరంలో చేరితే ఏళ్ల తరబడి ఎముకలలో నిలిచిపోతుంది. కార్మికులను కబళిస్తున్న ఈ విషాన్ని కర్మాగారాల గడప తొక్కి బయటపెట్టిన వైద్యురాలు ఆలిస్ హామిల్టన్.

ఆమె 1869 ఫిబ్రవరి 27న న్యూయార్క్ నగరంలో జన్మించి, ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్‌లో పెరిగారు. గ్రీకు సాహిత్యాన్ని సామాన్య పాఠకులకు చేరువ చేసిన ఈడిత్ హామిల్టన్ ఆమెకు అక్క. ఒకే ఇంట అక్క ప్రాచీన కావ్యలోకాన్ని వరించగా, చెల్లెలు పొగగొట్టాల లోకాన్ని ఎంచుకోవడం విశేషమే. 1893లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో వైద్యపట్టం పొందిన ఆలిస్, 1897లో షికాగోలోని హల్ హౌస్ అనే సేవాసదనంలో చేరి, వలస కార్మికుల నడుమ నివసించారు.

1910లో ఇల్లినాయ్ రాష్ట్రంలో వృత్తివ్యాధుల పరిశీలన జరిగింది. సీసపు పరిశ్రమల భారం ఆమెపై పడింది. రక్తంలోని సీసాన్ని కచ్చితంగా కొలిచే పరీక్ష అప్పటి వైద్యులకు అందుబాటులో లేదు. చిగుళ్లపై నీలిగీత, కడుపుశూల, మణికట్టు వాలిపోవడం, సూక్ష్మదర్శినిలో ఎర్ర రక్తకణాలపై కనిపించే చుక్కలు – ఇవే ఆధారాలు. జబ్బుపడినవాడు పని మానేవాడు. అతని చోటికి మరొకడు వచ్చేవాడు. యజమానుల దృష్టికి రోగి కనబడేవాడే కాదు. అందుచేత ఆమె ఆసుపత్రుల దస్త్రాలు వెదికి, కార్మికుల ఇళ్ల తలుపులు తట్టారు.

ఒకసారి స్నానపుతొట్లకు ఎనామిల్ పూత వేసే పోలిష్ కార్మికుడొకడు సీసపు విషంతో మంచానపడ్డాడు. ఆమె కర్మాగారానికి వెళ్లగా, అక్కడ సీసమే వాడరని చెప్పి, తొట్లకు రంగు వేసే గదిని చూపారు. అనుమానం తీరక ఆమె ఆ రోగినే అడిగారు. తాను చూసినది తుదిమెరుగులు దిద్దే చోటని, ఎర్రగా కాలిన తొట్టెపై ఎనామిల్ పొడి చల్లే అసలు పని వేరొకచోట జరుగుతుందని అప్పుడు తెలిసింది. ఆ పొడిని పరీక్షింపజేస్తే అందులో 20 శాతం వరకు సీసం బయటపడింది! ఇట్టి నిదర్శనాల ఫలితంగా 1911లో ఇల్లినాయ్‌లో కార్మిక రక్షణ చట్టం వచ్చింది.

1919లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఆమెను తొలి మహిళా అధ్యాపకురాలిగా నియమించింది. అయితే పట్టప్రదానోత్సవపు ఊరేగింపులో నడిచే అర్హత మాత్రం ఇవ్వలేదు! 1925లో పెట్రోలులో సీసం కలపడాన్ని ఆమె గట్టిగా వ్యతిరేకించారు. ఆ పోరులో గెలుపు పరిశ్రమలదే అయింది.

1970 సెప్టెంబరు 22న, 101 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూశారు. ఆ డిసెంబరులోనే అమెరికాలో వృత్తి భద్రతా, ఆరోగ్య చట్టం వెలువడింది. ఆ చట్టం కింద 1978లో వచ్చిన నిబంధనలు సీసంతో పనిచేసేవారికి నియమిత కాలాలలో రక్తపరీక్షను తప్పనిసరి చేశాయి. సీసం హద్దు మీరితే కార్మికుణ్ణి ఆ పని నుండి తప్పించాలి. అతని వేతనంలో మాత్రం కోత పెట్టరాదు.