తన ఇంటిని విశ్వవిద్యాలయానికి రాసిచ్చిన పద్మజా నాయుడు

విద్యాదానాన్ని మించిన దానం లేదని పెద్దలు చెబుతుంటారు. అన్నం పెడితే ఆ పూట ఆకలి తీరుతుంది. చదువు చెప్పిస్తే ఒక కుటుంబం తలరాతే మారుతుంది. సంక్షేమ హాస్టళ్ళలో ఉండి చదువుకుంటున్న మనకు ఈ సంగతి ఎవరూ వేరే చెప్పనవసరం లేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల హాస్టళ్ళలో మనలో చాలామందిమి బీడీలు చుట్టే తల్లుల పిల్లలం, సాంచెల మీద బతికే కుటుంబాల పిల్లలం, నాయిన గల్ఫ్‌కు పోతే అమ్మమ్మ దగ్గర పెరిగినవాళ్ళం. మన అన్నం, మన నోటుపుస్తకాలు, మన దుప్పట్లు అన్నీ ముక్కూ మొహం తెలియని మనుషులు కట్టిన పన్నుల నుంచి వచ్చినవే. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో, తాను ఎన్నడూ చూడని విద్యార్థుల కోసం తన ఇంటిని రాసిచ్చి వెళ్ళిన ఒక మహిళ జీవితాన్ని మిత్రులకు పరిచయం చేయాలనుకున్నాము. ఆమె పద్మజా నాయుడు గారు.

పద్మజ గారు 1900 నవంబరు 17న హైదరాబాదులో జన్మించారు. తల్లి సరోజినీ నాయుడు గారి పేరు తెలియని విద్యార్థి ఉండడు. తండ్రి డాక్టర్ ముత్యాల గోవిందరాజులు నాయుడు గారు నిజాం కొలువులో వైద్యులు. తాతగారైన అఘోరనాథ చటోపాధ్యాయ గారు బెంగాల్ నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడిన శాస్త్రవేత్త. ఎడింబరో విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది వచ్చిన ఆయన ఇక్కడ నడిపిన కళాశాలే తర్వాత నిజాం కళాశాల అయింది. అంటే ఈ కుటుంబానికి, హైదరాబాదు చదువులకు ఉన్న బంధం పద్మజ గారు పుట్టక ముందు నుంచే ఉన్నది.

ఆమె తల్లిదండ్రుల పెళ్ళి గురించి కూడా చెప్పుకోవాలి. బెంగాలీ బ్రాహ్మణ కుటుంబానికి చెందిన సరోజిని గారు, తెలుగువారైన గోవిందరాజులు గారు 1898లో మద్రాసులో వివాహం చేసుకున్నారు. వారిది కులాంతరం, ప్రాంతాంతరం, భాషాంతరం. ఆ పెళ్ళి జరిపించినవారు కందుకూరి వీరేశలింగం పంతులు గారు. నూట పాతికేళ్ళ కిందట అటువంటి పెళ్ళి ఎంత సాహసమో ఊహించుకోవచ్చు. కులం గోడలు లేని ఇంట్లో జయసూర్య, పద్మజ, రణధీర, లీలామణి అనే నలుగురు పిల్లలు పెరిగారు.

ఆ ఇంటి పేరు గోల్డెన్ త్రెషోల్డ్. తెలుగులో బంగారు గడప అని చెప్పుకోవచ్చు. సరోజిని గారి మొదటి కవితా సంపుటి 1905లో లండన్‌లో ఇదే పేరుతో అచ్చయింది. హైదరాబాదు నాంపల్లి స్టేషన్ రోడ్డులో, ఆబిడ్స్ దగ్గర ఆ ఇల్లు ఉంది. కవులు, సంస్కర్తలు, స్వాతంత్ర్య సమరయోధులు ఆ గడప తొక్కారు. హిందూ ముస్లిం భేదం లేకుండా అందరూ కూర్చుని మాట్లాడుకునే ఇల్లుగా దానికి పేరు వచ్చింది.

అటువంటి వాతావరణంలో పెరిగిన పద్మజ గారు 21 ఏళ్ళ వయసుకే నిజాం సంస్థానంలో కాంగ్రెసు పనికి పునాది వేసినవారిలో ఒకరయ్యారు. ఖద్దరు ప్రచారం చేశారు, విదేశీ వస్త్రాలను బహిష్కరించమని ఊరూరా చెప్పారు. నేత పనే జీవనాధారమైన మన సిరిసిల్ల వంటి ఊళ్ళకు ఆ ప్రచారం విలువ ఏమిటో తెలుసు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని ఆమె జైలుకు వెళ్ళారు. పేరున్న తల్లికి కూతురు కదా అని హాయిగా ఇంట్లో కూర్చోలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక సరోజిని గారు ఉత్తరప్రదేశ్ గవర్నరుగా పనిచేస్తూ 1949 మార్చి 2న లక్నోలో కన్నుమూశారు. మరుసటి ఏడాది పద్మజ గారు పార్లమెంటు సభ్యురాలయ్యారు. అన్న జయసూర్య గారు 1952 ఎన్నికల్లో పీడీఎఫ్ తరఫున మెదక్ నుంచి లోక్‌సభకు గెలిచారు. అన్నాచెల్లెళ్ళ రాజకీయ దారులు వేరైనా ఇద్దరూ ప్రజాసేవలోనే ఉన్నారు.

1956 నవంబరులో పద్మజ గారు పశ్చిమ బెంగాల్ గవర్నరుగా బాధ్యతలు చేపట్టి 1967 జూన్ వరకు, అంటే పదేళ్ళకు పైగా ఆ పదవిలో ఉన్నారు. ఆ రాష్ట్రానికి ఆమే మొదటి మహిళా గవర్నరు. 1962లో భారత ప్రభుత్వం పద్మవిభూషణ్ పురస్కారం ఇచ్చింది. ఈ మధ్యలోనే ఆమె చేసిన మరో మంచి పని, తల్లిగారి జీవితకాలంలో పుస్తకంగా రాని కవితలను సేకరించి 1961లో అచ్చు వేయించడం. తల్లి మాటలను కాపాడిన ఆ చేతులే తర్వాత తల్లి ఇంటినీ కాపాడాయి. పదవి వదిలిన తర్వాత కూడా ఆమె విశ్రాంతి తీసుకోలేదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం వల్ల లక్షలాది శరణార్థులు మన దేశానికి వచ్చినప్పుడు రెడ్‌క్రాస్ తరఫున సహాయ కార్యక్రమాలు చూశారు. డార్జిలింగులోని హిమాలయ జంతు ప్రదర్శనశాల నేటికీ ఆమె పేరుతోనే ఉంది.

ఇక మా ఈ వ్యాసానికి అసలు కారణమైన సంగతికి వద్దాం.

1969 తెలంగాణ ఉద్యమంలో ఎందరో విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. 1972లో జై ఆంధ్ర ఉద్యమం వచ్చింది. ఆ తర్వాత 1973లో కేంద్రం ప్రకటించిన ఆరు సూత్రాల పథకంలో ఒక సూత్రం హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయం పెట్టాలని. దాని కోసం రాజ్యాంగాన్ని సవరించి 371ఈ అధికరణాన్ని చేర్చారు. 1974లో పార్లమెంటు చట్టం చేసింది, అదే ఏడాది హైదరాబాదు విశ్వవిద్యాలయం పుట్టింది. చట్టం ఉంది, పేరు ఉంది. కానీ పాఠాలు చెప్పడానికి గది కావాలి కదా! గచ్చిబౌలిలో ప్రాంగణం లేచే దాకా ఆ విశ్వవిద్యాలయానికి నీడనిచ్చింది గోల్డెన్ త్రెషోల్డ్. ఆ ఇంటిని విశ్వవిద్యాలయానికి రాసిచ్చినవారు పద్మజా నాయుడు గారు. 1975 మే 2న ఆమె కన్నుమూశారు. విశ్వవిద్యాలయం అప్పటికి ఏడాది కూడా నిండని పసిబిడ్డ.

ఆమె పెళ్ళి చేసుకోలేదు, పిల్లలు లేరు. నగరం నడిబొడ్డున ఉన్న ఇల్లు. అమ్ముకుంటే కొనేవాళ్ళకు కొదవ ఉండదు. కానీ ఆమె ఆ ఇంటికి వారసులుగా విద్యార్థులను ఎంచుకున్నారు. ఆ విద్యార్థుల పేర్లు ఆమెకు తెలియవు, కులం తెలియదు, ఊరు తెలియదు. అందులో మన ఊళ్ళ పిల్లలు కూడా ఉంటారని ఆమె ఎప్పుడైనా అనుకున్నారో లేదో గానీ, ఆ వీలునామాలో మన వాటా కూడా ఉన్నట్టే. సరోజినీ నాయుడు పేరుతో 1988లో మొదలైన కళలు, ప్రసార మాధ్యమాల విభాగం 2003 దాకా ఆ ఇంట్లోనే నడిచింది. నాటకం, నాట్యం, చిత్రకళ, జర్నలిజం అక్కడ నేర్పారు. 2012 నుంచి విశ్వవిద్యాలయ రంగస్థల బృందం అక్కడ పనిచేసింది. కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎస్సీలకు నూటికి 15, ఎస్టీలకు ఏడున్నర, ఓబీసీలకు 27 సీట్లు ఉంటాయి. ఇప్పుడు అక్కడి పీజీ కోర్సుల్లో చాలావాటికి సీయూఈటీ పరీక్ష ద్వారా ప్రవేశాలు జరుగుతున్నాయి. డిగ్రీ చదువుతున్న మిత్రులు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

పద్మజ గారికి బంగళా ఉంది కాబట్టి ఇచ్చారు, మనకేముందని ఇస్తామని కొందరు మిత్రులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మన తల్లిదండ్రుల అప్పు తీర్చడం, చెల్లెలి చదువు చూడడం, ఇల్లు నిలబెట్టడం మన మొదటి బాధ్యతలు. కన్నవాళ్ళను, కట్టుకున్నవాళ్ళను గాలికి వదిలి చేసే దానం దానమే కాదు. కానీ మన పూర్వ విద్యార్థులు ఇవాళ ఉపాధ్యాయులుగా, నర్సులుగా, ఇంజనీర్లుగా, ఉద్యోగులుగా స్థిరపడ్డారు. ఆస్తిలో కొంత భాగం చాలు. లక్ష రూపాయలు బ్యాంకులో వేసి, నూటికి ఆరు రూపాయల వడ్డీ వస్తుందనుకుంటే ఏడాదికి 6 వేలు అవుతుంది. ఒక పేద విద్యార్థి పరీక్ష ఫీజుకు, పుస్తకాలకు అది సరిపోతుంది. అసలు అలాగే ఉంటుంది, వడ్డీ మాత్రం ఏటేటా ఒకరికి దారి చూపుతుంది.

వీలునామా అంటే భయపడాల్సిన పని కూడా కాదు. 18 ఏళ్ళు నిండి, మంచి తెలివిలో ఉన్నవారెవరైనా రాయవచ్చు. స్టాంపు కాగితం అక్కరలేదు, తెల్ల కాగితం చాలు. రాసినవారు సంతకం చేయాలి, కనీసం ఇద్దరు సాక్షులు సంతకాలు పెట్టాలి. ఆస్తి పొందేవారిని సాక్షులుగా పెట్టకపోవడం మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే తర్వాత తగాదాలు తగ్గుతాయి. బతికున్నంత కాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. స్వార్జితాన్ని ఇష్టం వచ్చినట్టు రాయవచ్చు, ఉమ్మడి ఆస్తిలో మాత్రం తన వాటా వరకే. ముస్లిం మిత్రులు వారసుల ఒప్పుదల లేకుండా మూడో వంతుకు మించి రాయడానికి వారి ధర్మశాస్త్రం ఒప్పుకోదు. విద్యాసంస్థ పూర్తి పేరు, డబ్బు దేనికి వాడాలో స్పష్టంగా రాయాలి. ముందే ఆ సంస్థ రిజిస్ట్రారును అడిగి తెలుసుకోవాలి, ఇంట్లోవాళ్ళకూ చెప్పాలి. ఇల్లు ఇచ్చేవారు దాన్ని చూసుకునే ఏర్పాటు గురించి కూడా ఆలోచించాలి. మనుషులు మెసలని ఇల్లు ఎంత గొప్పదైనా నిలవదు.

ఇవ్వడానికి హైదరాబాదు దాకా పోనవసరం కూడా లేదు. మన జగిత్యాల పొలాసలో వ్యవసాయ కళాశాల ఉంది, కొండగట్టు దగ్గర జేఎన్టీయూ ఇంజనీరింగ్ కళాశాల ఉంది. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. సిరిసిల్లలో బాబూ జగ్జీవన్ రాం పేరిట వ్యవసాయ కళాశాల ఉంది. అన్నీ విశ్వవిద్యాలయాలకు చెందినవే, అన్నిటిలోనూ మన వంటి పిల్లలు చదువుతున్నారు.

పద్మజా నాయుడు గారు గవర్నరు అయ్యారు, పద్మవిభూషణ్ పొందారు. అవన్నీ గొప్పవే. కానీ విద్యార్థులుగా మేము ఆమెను తలచుకునేది ఆ ఇంటి కోసమే. అప్పుడే పుట్టిన విశ్వవిద్యాలయానికి తలదాచుకోవడానికి తన గడప చూపించారామె. మన హాస్టల్ నుంచి రేపు బయటికి వెళ్ళే ప్రతి మిత్రుడూ, ప్రతి చెల్లెలూ ముందు బాగా చదవాలి, బాగా సంపాదించాలి, ఇంటిని నిలబెట్టాలి. ఆ తర్వాత ఒక రోజు వీలునామా రాసుకునే వయసు వచ్చినప్పుడు, వారసుల పేర్ల కింద ఇంకొక్క వరుస ఖాళీ ఉంచి, అక్కడ ఒక విద్యాసంస్థ పేరు రాయాలని మా అందరి కోరిక.