లూయీ బ్రెయిలీ: పదిహేనేళ్లకే లిపి కనిపెట్టాడు.. చదువుకున్న స్కూలే వద్దంది! ఆరు చుక్కల వెనక కథ ఇదీ

లిఫ్ట్ బటన్ పక్కన, ఏటీఎం కీప్యాడ్ మీద చిన్న చిన్న చుక్కలు ఎప్పుడైనా వేలికి తగిలాయా? మనలో చాలామంది వాటిని పట్టించుకోకుండా బటన్ నొక్కేసి వెళ్లిపోతాం. కానీ చూపులేని వాళ్లకు అవే అక్షరాలు. వాటిని తయారుచేసింది ఏ శాస్త్రవేత్తో కాదు, తరగతి గదిలో పాఠం అందక ఇబ్బందిపడ్డ ఓ కుర్రాడు. ఆయన పుట్టిన జనవరి 4నే ఏటా ప్రపంచ బ్రెయిలీ దినోత్సవం జరుపుతున్నారు. ఇంతకీ ఎవరీ లూయీ బ్రెయిలీ?

నాన్న వర్క్‌షాప్‌లో ప్రమాదం

1809లో ఫ్రాన్స్‌లోని కూవ్రే అనే ఊళ్లో లూయీ పుట్టాడు. పారిస్‌కు 40 కిలోమీటర్ల దూరం. నలుగురు పిల్లల్లో చిన్నవాడు. నాన్న సిమోన్ రెనే గుర్రాలకు జీన్లు, తోలు పట్టీలు కుట్టేవారు. మూడేళ్ల వయసులో నాన్న పనిచేసే చోట ఆడుకుంటుండగా, తోలుకు చిల్లులు పెట్టే మొనదేలిన ఆరె లూయీ కంట్లో గుచ్చుకుంది. అప్పట్లో యాంటీబయోటిక్స్ లేవు. ఇన్‌ఫెక్షన్ రెండో కంటికీ పాకింది. ఐదేళ్లు వచ్చేసరికి చూపు పూర్తిగా పోయింది.

ఆ రోజుల్లో చూపులేని పేద పిల్లలకు చాలావరకు భిక్షాటనే గతి. లూయీ తల్లిదండ్రులు మాత్రం ఊరి బడికే పంపారు. విన్నదంతా గుర్తుపెట్టుకుని క్లాసులో ముందుండేవాడు. కానీ చదువంటే వినడం ఒక్కటే కాదు కదా! పుస్తకం తెరవగానే మిగతా పిల్లలతో సమానంగా ఉండలేకపోయేవాడు.

చదవొచ్చు.. కానీ రాయలేరు

పదేళ్ల వయసులో, 1819లో, స్కాలర్‌షిప్ మీద పారిస్‌లోని అంధ బాలల రాయల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. వాలెంటిన్ అవీ స్థాపించిన ఈ స్కూల్లో అప్పటికే ఒక టెక్నాలజీ ఉంది. మామూలు అక్షరాలనే కాగితం మీద ఉబ్బెత్తుగా అచ్చు వేసేవాళ్లు. పిల్లలు ఒక్కో అక్షరం చుట్టూ వేలు తిప్పుతూ గుర్తుపట్టాలి.

ఆ కాలానికి ఇది చాలా పెద్ద అడుగే. చూపులేని వాళ్లూ చదవగలరని మొదట నిరూపించింది ఆ పుస్తకాలే. కానీ అక్షరాలు పెద్దవి, పుస్తకాలు బండల్లా బరువు. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోయేంత నెమ్మది. అన్నిటికంటే పెద్ద సమస్య ఇంకోటి. అలాంటి అక్షరాలను పిల్లలు సొంతంగా రాయలేరు. నోట్స్ లేదు, ఉత్తరం లేదు, రాసుకున్న లెక్కను మళ్లీ సరిచూసుకోవడమూ లేదు.

సమస్య ఎక్కడుందంటే.. ఆ అక్షరాలు చూసే కంటికి తగ్గట్టు తయారయ్యాయి, తడిమే వేలికి తగ్గట్టు కాదు.

పన్నెండు నుంచి ఆరుకు

1821లో షార్ల్ బార్బియే అనే మాజీ సైనికాధికారి రూపొందించిన కొత్త పద్ధతి ఆ స్కూలుకు చేరింది. అక్షరాల బదులు ఉబ్బెత్తు చుక్కలు! వేలికి చుక్క తెలిసినంత తేలిగ్గా గీత తెలియదు. ఆ సంగతి లూయీ వెంటనే పట్టేశాడు. లోపాలనూ అంతే త్వరగా గుర్తించాడు. ఒక్కో గుర్తుకు పన్నెండు చుక్కల దాకా కావాలి, అంత పొడవు ఒక్క వేలికొన కింద పట్టదు. పైగా ఆ గుర్తులు శబ్దాలకే గానీ స్పెల్లింగ్‌కు కాదు. కామా, ఫుల్‌స్టాప్ కూడా లేవు.

అక్కడి నుంచి లూయీ తీరిక దొరికినప్పుడల్లా కాగితం మీద చుక్కలు గుచ్చుతూనే ఉన్నాడు. 1824 నాటికి, పదిహేనేళ్ల వయసులో, లెక్క తేలింది. రెండు నిలువు వరుసలు, వరుసకు మూడు చొప్పున ఆరు చుక్కలు. వాటితో 63 గుర్తులు వస్తాయి. అక్షరాలు, అంకెలు, విరామ చిహ్నాలు, చివరికి సంగీతం కూడా వాటిలో ఇమిడిపోయాయి. వేలు కదపకుండా ఒక్క స్పర్శతో అక్షరం తెలిసిపోతుంది.

రాయడానికి ఒక పలక, మొనదేలిన చిన్న పుల్ల చాలు. చూపు పోగొట్టిన ఆరె లాంటి పనిముట్టే ఇప్పుడు అక్షరాలు రాస్తోంది!

స్కూలే వద్దంది

1829లో ఈ పద్ధతి మీద ఆయన పుస్తకం వచ్చింది. విచిత్రమేంటంటే, చుక్కల గొప్పతనం చెప్పే ఆ పుస్తకాన్ని కూడా పాత ఉబ్బెత్తు అక్షరాల్లోనే అచ్చు వేయాల్సి వచ్చింది. 1833లో బ్రెయిలీ అదే స్కూల్లో పూర్తిస్థాయి టీచర్ అయ్యారు. చర్చిలో ఆర్గాన్ కూడా వాయించేవారు.

విద్యార్థులకు చుక్కలు ఇట్టే వచ్చేశాయి. ఇబ్బందంతా పెద్దలతోనే. చూపున్న టీచర్లకు ఆ గుర్తులు చదవడం రాదు. చూపులేని పిల్లలకు వేరే లిపి ఉంటే సమాజానికి దూరమైపోతారని వాదించారు. 1840లో డైరెక్టర్‌గా వచ్చిన డ్యుఫో ఈ లిపిని పక్కన పెట్టించారు. కానీ పిల్లలు వదల్లేదు. చాటుగా రాసుకున్నారు, ఒకరికొకరు నేర్పుకున్నారు.

ఆ వాదనకు బ్రెయిలీ దగ్గర సమాధానం ఉంది. చూపున్నవాళ్లు చదివే అక్షరాలనే చుక్కలతో రాసే ఇంకో పద్ధతిని 1839లోనే ఆయన ప్రకటించారు. చూపులేని మిత్రుడు పియర్ ఫూకో దానికోసం ఒక యంత్రం తయారుచేశారు. దాంతో విద్యార్థి ఇంటికి తానే ఉత్తరం రాయొచ్చు, ఇంట్లోవాళ్లు చదువుకోవచ్చు.

చివరికి అసిస్టెంట్ డైరెక్టర్ గాదే ఆలోచన మారింది. 1844లో కొత్త భవనం ప్రారంభోత్సవంలో, అందరి ముందూ చుక్కల లిపిని పరిచయం చేశారు. నిషేధం అక్కడితో ముగిసింది.

కానీ అప్పటికే క్షయ బ్రెయిలీని పట్టి పీడిస్తోంది. 1852 జనవరి 6న, 43వ పుట్టినరోజు అయిన రెండు రోజులకే కన్నుమూశారు. మరో రెండేళ్లకు, 1854లో, ఫ్రాన్స్ ఆ లిపిని అధికారికంగా ఆమోదించింది. ఆ గుర్తింపు చూడటానికి ఆయన లేరు. 1952లో అస్థికలను పారిస్‌లోని పాంథియన్‌కు తరలించారు. చేతులను మాత్రం సొంతూరు కూవ్రేలోనే ఉంచారు.

తెలుగులోనూ అవే చుక్కలు

మన దేశంలో 1951లో భారతి బ్రెయిలీ వచ్చింది. భారతీయ భాషలన్నిటికీ దాదాపు ఒకే పద్ధతి. తెలుగు ‘క’కు, హిందీ ‘క’కు ఒకే చుక్కలు. బ్రెయిలీ ద్విశతాబ్ది సందర్భంగా 2009లో కేంద్రం రెండు రూపాయల నాణెం కూడా విడుదల చేసింది.

ఇప్పుడు ఫోనే చదివి వినిపిస్తోంది కదా, ఇంకా చుక్కలెందుకు అనే డౌట్ చాలామందికి వస్తుంది. స్క్రీన్ రీడర్ గొప్ప సౌకర్యమే, కాదనలేం. కానీ వింటే కథ తెలుస్తుంది, ‘శ’ ఎక్కడ రాయాలో, ‘స’ ఎక్కడ రాయాలో తెలియదు. పొడవాటి లెక్కను చెవితోనే చేయడం ఎంత కష్టమో ఒకసారి ప్రయత్నించి చూడండి. వినికిడి కూడా లేని పిల్లలకైతే ఆడియో ఏం చేస్తుంది? అందుకే ఇప్పుడు కంప్యూటర్‌కు తగిలించే బ్రెయిలీ డిస్‌ప్లేలు వచ్చాయి. స్క్రీన్ మీద మాట మారగానే చిన్న పిన్నులు లేస్తూ, దిగుతూ వేలి కింద అదే మాటను చూపిస్తాయి.

స్మార్ట్ బోర్డులు, ట్యాబ్‌లు, యాప్‌లు.. క్లాసుల్లోకి రోజుకో కొత్తది వస్తోంది. కొనేముందు అవి ఎంత బాగున్నాయో చూస్తున్నాం. వెనక బెంచీలో, బోర్డు కనిపించక కూర్చున్న పిల్లాడికి అవి పనికొస్తాయా అని ఆ పిల్లాడినే అడుగుతున్నామా? రెండొందల ఏళ్ల కిందట పారిస్ స్కూల్లో పెద్దలు అడగలేదు. అందుకే ఓ పదిహేనేళ్ల కుర్రాడు తనే జవాబు వెతుక్కోవాల్సి వచ్చింది.