డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డి

లింబాయత్ వీథులలో మగ్గముల చప్పుడు నడుమ కాపురముండు మన తెలుగువారి యిండ్లలో కాన్సరు పేరు పైకి పలుకుట నేటికిని అరుదు. రోగికి బంధువులు చెప్పరు, రోగియు అడుగడు. ఈ రోగముయొక్క క్రౌర్యమును తన యింటనే చూచి, దానితో జీవితాంతము పోరాడిన వైద్యురాలు ముత్తులక్ష్మీ రెడ్డి.

ఆమె 1886లో పుదుక్కోటలో జన్మించెను; 1912లో మద్రాసు వైద్య కళాశాల పట్టము నందెను; 1914లో డాక్టరు సుందర రెడ్డిని వివాహమాడెను. శాసనమండలి ఉపాధ్యక్షురాలుగా దేవదాసీ ఆచారముపై ఆమె సాగించిన పోరు అందరెరిగినదే కావున ఇట విస్తరింపను.

1923లో ఆమె చెల్లెలు పురీషనాళపు కాన్సరుతో మరణించెను. రోగమును గుర్తించుసరికే కాలము మించిపోయెను. అక్క వైద్యురాలైయుండియు చెల్లెలిని కాపాడుకొనలేకపోయెను. ఆ దుఃఖము ఆమెను ఏండ్ల తరబడి విడువలేదు.

కాన్సరు రోగులకు ప్రత్యేకముగ ఆసుపత్రి కావలెనని ఆమె కోరగా, ఎటులైనను చనిపోవువారికి ఆసుపత్రి యెందుకని ప్రభుత్వ వర్గములలో ప్రశ్న పుట్టెను. దస్త్రముల నడుమ బ్రతుకు మావంటివారు ఈ ప్రశ్నను తలవంచుకొని చదువవలసినదే. ఆమె మాత్రము వెనుదీయక, భారత మహిళా సంఘము పక్షమున చందాలు ప్రోగుచేసెను. 1952లో నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1954లో అడయారునందు 12 పడకలతో ఆసుపత్రి వెలసెను. కుమారుడు డాక్టరు కృష్ణమూర్తి అందు శస్త్రవైద్యుడాయెను. మరుసటి యేట డాక్టరు శాంత వచ్చి చేరెను. ఎందరో తెలుగువారును అచట చికిత్స పొందిరి.

1956లో ఆమెకు పద్మభూషణ బిరుదము లభించెను. 1968 జూలైలో, తన 81వ యేట, ఆమె కన్నుమూసెను.