సైగల్ గళం: తెగని చర్చ, తరగని అభిమానం

ఉదయం ఎనిమిది గంటలు కావస్తున్నదని తెలుసుకునేందుకు ఒకప్పుడు ఉపఖండంలోని ఎన్నో ఇళ్లలో గడియారం చూడవలసిన అవసరం ఉండేది కాదు. రేడియో సిలోన్ పాత సినిమా పాటల కార్యక్రమంలో చివరి పాటగా కుందన్‌లాల్ సైగల్ గళం వినిపించిందంటే ఎనిమిదికి మరి మూడు, నాలుగు నిమిషాలే మిగిలి ఉన్నాయని అర్థం. దేశ విభజనకు ఏడు నెలల ముందే కన్నుమూసిన ఆ గాయకుని పాటను సరిహద్దులకు ఇరువైపులా ఉన్న శ్రోతలు దశాబ్దాల పాటు అలా విన్నారు. వినడంతో ఊరుకోక, ఆ పాటల అర్థాల గురించి, వాటి వెనుక కథల గురించి నేటికీ చర్చించుకుంటూనే ఉన్నారు.

చర్చ ఆయన పుట్టిన తేదీతోనే మొదలవుతుంది. సైగల్ 1904 ఏప్రిల్‌లో జమ్మూలో జన్మించారు. ఆ రోజు 4వ తేదీ అని కొందరు, 11వ తేదీ అని మరికొందరు అంటారు. తండ్రి అమర్‌చంద్ సంస్థానంలో తహసీల్దారు. భజనలు పాడే తల్లి కేసర్‌బాయి వెంట వెళ్లి ఆ పిల్లవాడు పాట నేర్చాడు. ఊరి రామలీలలో సీత వేషం కట్టాడు. క్రమబద్ధమైన గురుకుల శిక్షణ ఆయనకు లభించలేదు. చదువు మధ్యలోనే ఆపి రైల్వేలో టైమ్‌కీపర్‌గా, ఆపై రెమింగ్టన్ టైప్‌రైటర్ల విక్రేతగా ఊరూరా తిరిగారు. ఆ తిరుగుడే ఆయనను కలకత్తా చేర్చింది.

అక్కడ సంగీత దర్శకుడు రాయ్‌చంద్ బోరల్ ద్వారా బి.ఎన్. సర్కార్ నెలకొల్పిన న్యూ థియేటర్స్ సంస్థలో చేరారు. 1932లో వచ్చిన తొలి చిత్రాలలో ఆయన పేరు సైగల్ కాశ్మీరీ. మరుసటి ఏడాది ‘పూరన్ భగత్’లో పాడిన భజనలు ఆ గళాన్ని దేశానికి పరిచయం చేశాయి. 1935లో పి.సి. బారువా దర్శకత్వంలో వచ్చిన హిందీ ‘దేవదాస్’ ఆయనను తిరుగులేని తారను చేసింది. బెంగాలీ సోదరులు మెచ్చేలా ఆ భాష నేర్చుకుని పాడారు. రవీంద్రనాథ్ ఠాగూర్ గీతాలు పాడేందుకు కవి సమ్మతిని పొందిన తొలి బెంగాలీయేతర గాయకుడిగా నిలిచారు. తమిళ చిత్రానికి సైతం గళమిచ్చారు. సినిమా పాటలు 142, ఇతరాలు 43, మొత్తం 185 అన్నది అభిమానులు తరచూ చెప్పుకునే లెక్క.

ఆ పాటలన్నింటిలో ఎక్కువగా చర్చకు వచ్చేది 1938 నాటి ‘స్ట్రీట్ సింగర్’ చిత్రంలోని భైరవి ఠుమ్రీ. దానిని రచించినది అవధ్ చివరి నవాబు వాజిద్ అలీ షా అని ప్రతీతి. 1856లో ఆంగ్లేయులు రాజ్యాన్ని లాక్కున్నప్పుడు ఆయన లక్నో విడిచి కలకత్తా చేరి, మళ్లీ స్వస్థలం చూడకుండానే అక్కడే మరణించారు. పైకి అది పుట్టిల్లు విడిచే ఆడపిల్ల అప్పగింతల పాట. రాజ్యం కోల్పోయిన నవాబు వీడ్కోలుగా దానిని వినేవారున్నారు. దేహాన్ని వదిలే జీవుని ప్రయాణంగా భావించేవారూ ఉన్నారు. ముంగిలి, గడప అనే రెండు మాటలను సైగల్ తారుమారు చేశారన్న వాదన రసికుల నడుమ పాతదే. అయితే ఇల్లు విడిచి వెళ్లేవారికి ముంగిలి, గడప రెండూ దూరమయ్యేవే గనుక భావానికి లోటు రాలేదన్నది ఆయన పక్షం వహించేవారి సమాధానం.

ఆ పాట చిత్రీకరణ కూడా విశేషమే. అప్పటికే నేపథ్య గానం వచ్చి మూడేళ్లయింది. అయినా సైగల్ కెమెరా ముందు వీధిలో నడుస్తూనే పాడారు. మైకు, వాద్యబృందం చిత్రంలో కనబడకుండా ఆయనతో పాటు సాగాయి. అందుకే ఆ పాటలో నడిచే మనిషి ఊపిరి వినిపిస్తుందంటారు శ్రోతలు.

1941లో సైగల్ బొంబాయి చేరారు. ‘భక్త సూర్‌దాస్’, ‘తాన్‌సేన్’ విజయాలు అందించాయి. అప్పటికే మద్యం ఆయన ఆరోగ్యాన్ని కబళిస్తున్నది. తాగితే తప్ప స్వరం పలకదన్న నమ్మకం ఆయనలో బలపడింది. 1946 నాటి ‘షాజహాన్’ రికార్డింగులో సంగీత దర్శకుడు నౌషాద్ ఒకే పాటను మద్యం పుచ్చుకోకముందు, పుచ్చుకున్న తరువాత పాడించి రెండూ వినిపించారని, మొదటిదే మేలైనదని సైగల్ స్వయంగా ఒప్పుకున్నారని నౌషాద్ తరువాతి కాలంలో చెప్పుకొచ్చారు. కానీ అప్పటికే ఆలస్యమైంది. 1947 జనవరి 18న జలంధర్‌లో సైగల్ తుదిశ్వాస విడిచారు. వయసు 42 ఏళ్లు.

అదే ‘షాజహాన్’ మరొక చర్చకు ఆధారం. అందులోని ఒక పాట చివర వినిపించే యువ గళం మహమ్మద్ రఫీది. పాటల రచయితగా మజ్రూహ్ సుల్తాన్‌పురికి అదే తొలి చిత్రం. అంతకు ఏడాది ముందు ‘పహలీ నజర్’లో ముఖేశ్ పాడిన పాటను చాలామంది సైగల్‌దే అనుకున్నారు. కిశోర్ కుమార్, లతా మంగేష్కర్ ఆయనను గురుభావంతో తలచుకున్నారు.

తెలుగు శ్రోతలకు సైగల్ పేరు వినగానే దేవదాసు గుర్తుకు రావడం సహజం. హిందీలో నటించిన వ్యక్తే పాడారు. 1953 నాటి తెలుగు చిత్రంలో అక్కినేని నాగేశ్వరరావు నటనకు ఘంటసాల గళం తోడైంది. ఒకే శరత్ పాత్రకు సైగల్ లోగొంతుకతో చెప్పుకున్న దుఃఖం ఇచ్చారు. ఘంటసాల గుండె నిండా పలికిన దుఃఖం ఇచ్చారు. ఏది గొప్పదన్న ప్రశ్నకు తీర్పు అవసరం లేదు. రెండింటినీ విన్నవారే ధన్యులు.

దేవదాసు పాత్ర, ఆయన మరణం కలగలిసి సైగల్ అంటే తాగి ఏడ్చిన గాయకుడన్న కథ ఒకటి స్థిరపడింది. 1940 నాటి ‘జిందగీ’లో ఆయన పాడిన జోలపాట, గాలిబ్ గజళ్లు, సూరదాసు భజనలు విన్నవారు ఆ కథను అంగీకరించరు. నౌషాద్ జ్ఞాపకం నిజమైతే, ఆ గళానికి బలం మద్యం కాదు, మాటను మనసుకు తాకించే సాధన. అకాల మరణం మిగిల్చిన విషాదం కూడా అదే. ఆ సత్యం సైగల్‌కు తెలిసేసరికి ఆయనకు కాలం మిగలలేదు.