నాలుగో గోడ లేని ఇండ్లు గీసినోడు

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు కాడ దిగి ఫిల్మ్‌నగర్ దిక్కు పోతే పెద్ద పెద్ద గేట్లు కనబడ్తయి. మన ఊర్లకెళ్లి పోయిన పోరలు హీరో కారు కోసం అక్కడ్నే నిలబడ్తరు. గేటు లోపట మాత్రం ప్లైవుడ్ కోసేటోళ్లు, ప్లాస్టర్ కలిపేటోళ్లు, రంగులేసేటోళ్లు ఉంటరు. వాళ్లు పని షురూ చెయ్యాలంటే ముందుగాల కాయితం మీద ఒక బొమ్మ పడాలె. గసొంటి బొమ్మలు గీసిన మాధవపెద్ది గోఖలే ముచ్చట ఇయ్యాల.

పేరు జూసి మరాఠాయన అనుకునేరు. గుంటూరు జిల్లా బ్రాహ్మణ కోడూరుల 1917ల పుట్టిన అచ్చ తెలుగోడు. మద్రాసు ఆర్ట్స్ స్కూల్ల దేవీప్రసాద్ రాయ్ చౌదరి దగ్గర బొమ్మలు నేర్చిండు. పల్లె మనుషుల మీద కథలు గూడ రాసిండు, బల్లకట్టు పాపయ్య ఆయనదే. 1950ల షావుకారుకు పల్లె ఇండ్లు, ఏడాది తిరగంగనే పాతాళభైరవికి మాంత్రికుని గుహ. ఊరి అరుగు తెలిసినోడు గనుకనే లేని లోకాన్ని గూడ నమ్మేటట్టు కట్టిండని నా లెక్క.

సినిమా ఇల్లు మన ఇల్లు లెక్క ఉండదు. మూడే గోడలుంటయి. నాలుగోది కెమెరాకు ఇడిచిపెడ్తరు. పైన కప్పుండదు, లైట్లు అక్కడికెళ్లే పడాలె. రాతి స్తంభమని మనం నోరెళ్లబెట్టేది లోపల కట్టె, పైన ప్లాస్టర్, ఆపైన రంగు. గింతే.

1957ల వచ్చిన మాయాబజార్ జూడుండ్రి. పైకెళ్లి కనబడే ద్వారక కోసం 50 అడుగులకు 60 అడుగుల జాగల దగ్గర దగ్గర 300 బుల్లి ఇండ్లు పెట్టి, ఇంటింటికి దీపమేసిండ్రు. ఘటోత్కచుని మాయ విడిదైతే ఇంకా తమాష. తల్పం కాదది గిల్పం, ఎక్కినోన్ని తిప్పి పడేస్తది. గింబళి తనంతల తనే చుట్టుకుంటది. ఆ మాటలు పింగళివి. మాటకు కాళ్లూ చేతులూ పెట్టింది గోఖలే, ఆయనకు జోడీ కళాధర్. నగలు, బట్టల బొమ్మలు సుత వీళ్లే గీసిండ్రు. ఇప్పుడైతే వెనుక పచ్చగుడ్డ కట్టి కంప్యూటర్ల నగరం లేపుతున్నరు. అదీ పనే, తక్కువజేస్తలేను. గని గా మంచాన్ని ఒక వడ్లాయన నిజంగ చెయ్యాల్సొచ్చింది.

షూటింగ్ అయిపోతే సెట్టు పీకేస్తరు. ఆ కట్టెతోనే ఇంకో మహల్. గా సినిమాలు తీసిన వడపళని వాహినీ జాగల ఇప్పుడు దవాఖాన, మాల్ ఉన్నయి. గోఖలే 1981ల పోయిండు. సినిమాకు 2010ల రంగులద్ది మల్ల ఇడిస్తే జనం మల్ల జూసిండ్రు. టైటిల్స్‌ల కళ అన్న కాడ ఆ ఇద్దరి పేర్లు పడ్తయి. ఫోన్ల జూసేటప్పుడు ముందుకు జరపకుండ్రి. వడ్లోళ్ల పేర్లు అక్కడ గూడ ఉండవు.