బాటా కుర్రాడి పరుగు

పిల్లలూ, ఉదయం అసెంబ్లీలో నిలబడ్డ కాళ్లను చూస్తే చాలా బూట్ల మీద బాటా అన్న పేరు కనిపిస్తుంది. ఆ కంపెనీ పుట్టిన ఊరు జ్లిన్, ఇప్పటి చెక్ దేశంలో ఉంది. కోల్‌కతా పక్కన బాటానగర్ కట్టింది కూడా ఆ కంపెనీయే. జ్లిన్‌లోని ఆ బూట్ల ఫ్యాక్టరీలో ఎమిల్ జాటోపెక్ అనే కుర్రాడు పనిచేసేవాడు.

ఎమిల్ 1922 సెప్టెంబరు 19న పుట్టాడు. తండ్రి వడ్రంగి, ఇంటినిండా పిల్లలు. పరుగు మీద అతనికి ఏ ఆశా లేదు. 1941లో ఫ్యాక్టరీ తరఫున పందెంలో పరుగెత్తమన్నప్పుడు ఒంట్లో బాగాలేదని తప్పించుకోబోయాడు. డాక్టరు చూసి ఏ జబ్బూ లేదని తేల్చాడు! ఎలాగూ తప్పదు కదా అని గట్టిగా పరుగెత్తితే సుమారు వందమందిలో రెండోవాడుగా వచ్చాడు. పరుగు రుచి అలా తగిలింది. మొదట్లో హలుజా అనే పరుగువీరుడు దారి చూపాడు. ఆ తర్వాత ఎమిల్ తన సాధన తానే తయారు చేసుకున్నాడు.

ఆ రోజుల్లో దూరం పరుగెత్తేవాళ్లలో చాలామంది సాధన కూడా దూరంగా, నిదానంగానే చేసేవారు. ఎమిల్‌కి అది నచ్చలేదు. నిదానంగా పరుగెత్తడం ఎలాగూ వచ్చు, రానిది వేగమే కదా అనుకున్నాడు. అందుకని దూరాన్ని ముక్కలు చేశాడు. 400 మీటర్లు వేగంగా పరుగెత్తడం, ఆగిపోకుండా 200 మీటర్లు మెల్లగా కదలడం, ఊపిరి పూర్తిగా సర్దుకోకముందే మళ్లీ 400. మధ్యలో దొరికేది చిన్న విరామమే కాబట్టి గుండె, కాళ్లు అలసటలో కూడా వేగాన్ని పట్టుకోవడం నేర్చుకుంటాయి. జర్మనీలో ఇలాంటి సాధన అంతకుముందే ఉంది. కానీ ఎమిల్ చేసిన లెక్క చూడండి: 5 సార్లు 200, 20 సార్లు 400, మళ్లీ 5 సార్లు 200. వేగంగా పరుగెత్తిందే 10 కిలోమీటర్లు! తర్వాత తర్వాత 400లను రోజుకు 40 దాకా పెంచాడు.

యుద్ధం ముగిశాక సైన్యంలో చేరాడు. మైదానం లేకపోతే అడవి బాటే ట్రాక్, మంచు పడితే సైనికుల బరువు బూట్లతోనే పరుగు. ఊపిరి బిగబట్టి నడిచే సాధన కూడా చేసేవాడు. అది మాత్రం మీరు చేయకండి. మీకు నాలుగైదు 200లు చాలు, అదీ పీటీ సార్‌ని అడిగాకే.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే, మేము పనిచేసిన ఒక ఊళ్లో సెలక్షన్లు అయిపోయాక బదిలీ మీద వచ్చిన ఒక అమ్మాయి, చక్కగా పరుగెత్తే పిల్ల, ఆ ఏడాదంతా గట్టు మీదే కూర్చుంది. మేమూ ఆ పిల్లకి ఏమీ చేయలేకపోయాం. అప్పుడు ఎమిల్ కథ మాకు తెలిసి ఉంటే బాగుండేది.

1948 లండన్ ఒలింపిక్స్‌లో 10,000 మీటర్లలో స్వర్ణం, 5,000లో రజతం తెచ్చాడు. పరుగు మాత్రం చూడ్డానికి బాగుండేది కాదు. తల ఊగేది, నాలుక బయటికొచ్చేది, ఎవరో పీక నొక్కుతున్నట్టు మొహం పెట్టేవాడు. పత్రికలవాళ్లు నవ్వుకున్నారు. 1952 హెల్సింకిలో జులై 20న 10,000 గెలిచాడు. 24న 5,000 ఆఖరి చుట్టులో వెనకబడి, చివరి మలుపులో ముగ్గురినీ దాటేశాడు. అక్కడే పనికొచ్చాయి ఆ 400లు. అతని భార్య డానా కూడా అదే రోజు ఈటె విసిరి స్వర్ణం గెలిచింది. ఆమె పుట్టిందీ అతను పుట్టిన రోజే, ఆ ఏడాదే! 27న మారథాన్. అంతకుముందు ఎమిల్ ఒక్క మారథాన్ కూడా పరుగెత్తలేదు. దారిలో బ్రిటన్ వీరుడు జిమ్ పీటర్స్‌ని, వేగం ఎక్కువైందా అని అడిగాడు. ఆయన తక్కువైందన్నాడు. ఎమిల్ నమ్మి ముందుకు సాగిపోయాడు, పీటర్స్ మధ్యలోనే ఆగిపోయాడు. 2 గంటల 23 నిమిషాల 3 సెకన్లలో మూడో స్వర్ణం. ఒకే ఒలింపిక్స్‌లో ఈ మూడు పరుగులూ గెలిచినవాళ్లు ఇంకెవరూ లేరు. 1954లో 10,000 మీటర్లను 29 నిమిషాల లోపు ముగించిన మొదటివాడూ అతనే.

1968లో తన దేశంలో స్వేచ్ఛ కోరినవాళ్ల పక్షాన నిలబడ్డాడు. దాంతో సైన్యంలో హోదా పోయింది, ఏళ్లపాటు ఊరూరా తిరిగి కూలిపనులు చేయాల్సి వచ్చింది. 2000 నవంబరులో ప్రేగ్‌లో కన్నుమూశాడు.

హెల్సింకి 10,000 మీటర్ల స్వర్ణం మాత్రం చాలా ముందే అతని దగ్గర నుంచి వెళ్లిపోయింది. ఆస్ట్రేలియా వీరుడు రాన్ క్లార్క్ ప్రపంచ రికార్డులెన్నో సాధించాడు, ఒలింపిక్ స్వర్ణం ఒక్కటీ రాలేదు. 1960లలో క్లార్క్ ప్రేగ్ వచ్చి తిరిగి వెళ్తుంటే, విమానాశ్రయంలో ఎమిల్ అతని చేతిలో ఒక చిన్న పొట్లం పెట్టాడు. క్లార్క్ తర్వాత విప్పి చూస్తే అందులో ఆ పతకం ఉంది.